బిగిసిన పిడికిలి

“అమ్మా, మళ్ళీ మొదలైంది.”

స్టవ్ మీద నీళ్ళు అలాగే వదిలేసి తల్లి పరుగెత్తుకొచ్చింది. “ఎక్కడే?”

“కుడిచెయ్యే. ఇంకెక్కడ? పిడికిలి బిగుసుకుపోయింది. గోళ్ళు అరచేతిలోకి దిగిపోతున్నాయి.”

కూతురి పైపెదవి మీద చెమట. నిన్నంతా ఒక్క ముద్ద ముట్టలేదు. ఆ పిడికిలి విప్పుకోకపోతే ఇవాళా ముట్టదు.

తల్లిది పిరికి గుండె. పిల్ల తుమ్మితే న్యుమోనియా అనుకునే మనిషి. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే మనసులోనే ఆసుపత్రులన్నీ తిరిగొచ్చేది. అలాంటిది, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో రోజుకి మూడు వేల అట్టలు ప్రెస్సు కింద పెట్టి తీసి, పెట్టి తీసి, పిల్లకి మణికట్టు పట్టేసిందంటే మాత్రం భయపడలేదు.

“వేళ్ళు మొద్దుబారిపోయాయమ్మా. ఇవాళ వెళ్ళను,” అంది పిల్ల, ఉద్యోగంలో ఆఖరి రోజు పొద్దున.

“తిమ్మిరికి సెలవేంటే? మందు రాసుకుని వెళ్ళు. ఆ సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు.”

అన్నిటికీ వణికే మనిషి, ఆ ఒక్క పొద్దున ధైర్యంగా ఉంది.

ఇప్పుడా ఉద్యోగం లేదు. నొప్పి మాత్రం పోలేదు. ప్రెస్సూ పోలేదు. పైవాటాలో చెంబు జారినా, గాలికి తలుపు పడినా, తల్లి చెవికి అదే దబ్బుమనే చప్పుడు.

డాక్టరమ్మ నేర్పిన కసరత్తు తల్లి రోజుకి మూడుసార్లు చేయిస్తోంది. ఇప్పుడూ అద్దం తుడిచింది. బల్ల సర్దింది. వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు పిండి మణికట్టుకి చుట్టింది.

“అటే చూడు. కళ్ళు తిప్పకు. ముందు గట్టిగా బిగించు. ఊఁ, ఇప్పుడు విప్పు తల్లీ. బొటనవేలు... తర్వాత చూపుడువేలు...”

“రావట్లేదమ్మా.”

“వస్తుంది. రాకపోతే నేను ఊరుకుంటానా?”

పైవాటాలో కొత్తగా దిగినావిడ గుమ్మంలోంచి తొంగి చూసింది, చంకలో ఖాళీ బకెట్టు. “అయ్యో, రెండు చేతులకీ కాపడమా?”

“ఒకదానికి చేస్తే రెండోది ఊరుకోదండీ,” అంది తల్లి, తలెత్తకుండా.

“కవలపిల్లల్లా ఎలా కలిసి విచ్చుకుంటున్నాయో చూడండి! నా చేతులైతే అత్తాకోడళ్ళే. ఒకదానికొకటి పడి చావదు.”

కూతురు నవ్వింది. ఎన్నాళ్ళకో.

“కుడిచేతికి మాత్రం కొన్నాళ్ళు పని చెప్పకమ్మాయ్. నా మాట విను.”

“చెప్పనులెండి పిన్నిగారూ.”

బకెట్టు చప్పుడు మెట్లమీదుగా పైకి వెళ్ళిపోయింది. కూతురు ఎక్కడ చూస్తోందో అక్కడే చూస్తోంది. ఉంగరం వేలు విప్పుకుంది. చిటికెనవేలు వణికి వణికి అదీ విప్పుకుంది.

“అమ్మా... వదిలింది. గోళ్ళు వదిలాయి.” వెక్కుతూనే అంది, “ఆకలేస్తోందే.”

తల్లి పమిటతో కళ్ళొత్తుకుని, కూతురి ఎడమచేతికి ఎదురుగా బల్ల మధ్య నిలబెట్టిన అద్దాన్ని పక్కకి తీసింది; దాని వెనక, కుడివైపు, మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టిన ఖాళీ చొక్కా చెయ్యి ఒక్కటే ఉంది.