నెలకొక మేడ

అహరోను లేనప్పుడు అతని చాప దులుపుతుంటే కింద ఒక నోటుపుస్తకం పడింది.

సత్యారావు దాన్ని తీసి రెండు పేజీలు తిప్పాడు. ఆ గదిలోని రేవు కూలీల్లో చదువొచ్చినవాడు అతనొక్కడే.

"అచ్చెన్న మావా, ఇటు రా. తలుపేసి మరీ రా."

అది 1926 వానాకాలం. మనవాళ్ళు రంగం అని పిలిచే రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేట. రేవు కూలీలు ఏడుగురు కలిసి ఉండే గదికి అచ్చెన్న పెద్దదిక్కు.

"ఏటుందిరా అందులో?"

సత్యారావు గొంతు తగ్గించి చదివాడు.

"హైకోర్టు. ఎర్ర ఇటుక. పైన గడియారం మేడ. గుమ్మంలో ఇద్దరు సిపాయిలు."

"ఊఁ."

"సుంకం కచేరీ. నది ఒడ్డున. మెట్ల మీద నిలబడితే వచ్చే ఓడా పోయే ఓడా కనిపిస్తాయి."

"ఊఁ."

"సెక్రటేరియట్. చుట్టూ నడవడానికి పావుగంట. కిటికీల లెక్క తప్పింది, రేపు మళ్ళీ వెళ్ళాలి. సూలే పగోడా దగ్గర బయల్దేరితే ఇవన్నీ కాలినడకనే చూడొచ్చు."

అచ్చెన్న నోట్లోంచి చుట్ట తీశాడు.

"కిటికీలు లెక్కెట్టీవోడు మన్లాంటోడు కాడురా. పోలీసోళ్ళ మనిషి."

ఇద్దరూ తలెత్తి అటక వైపు చూశారు.

కూలీలను పనిలో పెట్టే మేస్త్రీ కొట్టిన దెబ్బలకు ఓర్చుకోలేక ముఠా నుంచి పారిపోయిన చంద్రరావు ఇరవై రోజులుగా అక్కడే దాక్కున్నాడు. మేస్త్రీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఈసారి దొరికితే ఆ కుర్రాడి ప్రాణం దక్కదు.

"దండాసి సంగతులు కూడా రాసుకున్నాడు మావా. ఏ చేత్తో తింటాడు, దేనికి బయపడతాడు, అమ్మ మీద అలిగితే ఎక్కడ దాక్కుంటాడు..."

"పోయి రెండేళ్ళయినోడి ఊసు ఈడికెందుకు?"

దండాసి ఆ గదిలోనే ఉండేవాడు. కలరా సోకి, అహరోను పనిచేసే ఆసుపత్రిలోనే చనిపోయాడు.

అహరోను గదిలో చేరి రెండు నెలలైంది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి దండాసి గురించి అడిగాడని అప్పుడు బయటపడింది.

"రాత్రంతా ఆసుపత్రిలో రోగుల కాడ పని. పగలల్లా ఊరి మీద తిరుగుడు. నిద్దరెప్పుడు పోతాడంట?"

"సీఐడీవోడికి నిద్దరేటి మావా? కళ్ళే ఉంటాయి."

అప్పుడే అహరోను గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ తొందరపడి నడవడు.

అచ్చెన్న పుస్తకం అతని ముఖం ముందు ఆడించాడు.

"ఏటిది?"

"మేడలు, బావూ. చూడ్డానికి బాగుంటాయి."

"ఎవులి కోసం సూత్తన్నావు?"

"ఒకరికి చెప్పాలి."

"ఎవులికి?"

అహరోను తల దించుకున్నాడు.

"మీకు చెబితే మాట ఓడెక్కి ఊరు చేరిపోద్ది, బావూ. చెప్పలేను."

అచ్చెన్న చాప చుట్టి వానలోకి విసిరేశాడు.

"మళ్ళీ రంగంలో కనిపించేవంటే కాళ్ళిరగ్గొడతాను. నడిచీ సరదా తీరిపోద్ది!"

"పుస్తకం ఇప్పించండి."

"మేస్త్రీకి సూపించడానికా? పో!"

అహరోను తడిసిన చాప భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అటక మీంచి చంద్రరావు తల కిందికి వచ్చింది.

"ఆయన్నెందుకు ఎలగొట్టేవు మావా?"

"నీ కోసవే!"

"మీరు రేవుకెళ్ళాక రోజూ నాకు గంజీ నీళ్ళూ అందించింది ఆయనే. నువ్వే పురమాయించేవనుకున్నాను."

అచ్చెన్న తలుపు తీసి వీధిలోకి తొంగిచూశాడు.

"మేస్త్రీ మనిషొకడు ఎతుక్కుంటా వచ్చేడు కూడాను. గదిలో మసూచి రోగి ఉన్నాడని సెప్పి, గుమ్మంలోంచే అంపించేసేడు."

మర్నాడు తెల్లారగానే అచ్చెన్న ఆసుపత్రికి వెళ్ళాడు.

అహరోను పని మానేశాడని, రాత్రే రైలెక్కి పోయాడని, ఏ ఊరో చెప్పలేదని అక్కడివాళ్ళు అన్నారు.

వారం గడిచింది. బర్మీయుడైన తపాలా బంట్రోతు "కో అహరోను!" అని, తన భాషలో అన్నా అని పిలిచినట్టు, గుమ్మంలో కేకేశాడు. జవాబు రాకపోయేసరికి కవరు లోపల పడేసి పోయాడు.

"గంజి పోసినోడు మంచోడే అనుకో. ఆ మేడల సంగతి ఎవులికి సెప్పీవాడో ఇప్పుడు తెలుస్తాది," అంటూ సత్యారావు కవరు చింపాడు.

పైన అహరోను పేరుంది. లోపల మరో పేరుంది.

"చిరంజీవి దండాసికి, మీ అమ్మ తాయారమ్మ దీవించి, నువ్వు చెప్పినట్టే నీ నేస్తం అహరోను పేరు మీద పంతులు గారి చేత రాయించినది..."

సత్యారావు ఆగిపోయాడు.

"సదువు," అన్నాడు అచ్చెన్న.

"నాయనా, మధ్యలో నాకు అనుమానం వచ్చింది. ఈ ఉత్తరాలు నీవేనా, ఇంకెవరైనా రాస్తున్నారా అని. ఎడం చేత్తో అన్నం తింటే నేను గరిటె తిరగేసి కొట్టేదాన్నని పోయిన ఉత్తరంలో రాశావే, ఆ రోజు నుంచి కంటినిండా నిద్రపోతున్నాను. అందరి కొడుకులూ రంగం నుంచి పట్టుకోకలు పంపుతారు. నువ్వు నెలకొక మేడ పంపుతావు. పంతులు చదువుతుంటే మన వీధంతా వచ్చి కూర్చుంటారు. వచ్చే నెల ఏ మేడ చూపిస్తావు?"

అచ్చెన్న సత్యారావు వైపు తిరిగాడు.

"దండాసి పోయినట్టు ఊరికి రాయనేదేటిరా నువ్వు?"

"నువ్వే ఎవుల్చేతో రాయించేవనుకున్నాను, మావా."

రెండేళ్ళుగా సముద్రం అవతల ఒక తల్లికి కొడుకును బతికించి ఉంచినవాడు, వాళ్ళు వానలోకి గెంటేసిన అహరోనే.