రెండు కిలోల నీళ్లు

గోదావరిబాయి, డయాలిసిస్ మిషన్ నడిపే ఆదెప్ప చేతిలోని సూదిని పక్కకు తోసేసింది.

"మళ్లీ రక్తమా? మొన్న శుక్రవారమే కదప్పా తీసినావు!"

"మిషన్ ఎక్కకముందు ఒకసారి, దిగినాక ఒకసారి. ఎప్పుడొచ్చినా తీయాలమ్మా."

"జలగ నయం. కడుపు నిండితే వదిలేస్తుంది."

మంచం మీద ఆమె భర్త శ్రీపాదరావు నవ్వబోయి ఆయాసపడ్డాడు.

మంత్రాలయంలో ఇరవై ఏళ్లు భక్తులకు వడ్డించిన మనిషి. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం బస్సెక్కి ఆదోనిలోని ఈ నర్సింగ్ హోముకు వస్తాడు. ఇక్కడున్నది ఒక్కటే డయాలిసిస్ మిషన్.

మిషన్ రక్తాన్ని కడుగుతుంది. ఒంట్లో చేరిన నీటిని లాగేస్తుంది. ఎంత లాగాలో కాటా చెబుతుంది. శ్రీపాదరావు యాభై రెండు కిలోలకు దిగగానే ఆపేస్తారు.

"హైదరాబాదు నుంచి రక్తం రిపోర్టు వచ్చింది," అన్నాడు ఆదెప్ప. "ఇంకా రెండు కిలోల నీళ్లు ఈయన ఒంట్లోనే ఉండాయి."

"యాడుండాయి? ఐదు నెలలుగా యాభై రెండే. పావు కిలో పెరగలేదు."

"నా భయం అదేనమ్మా. తిండి తగ్గింది, కండ కరిగింది. కరిగినంత మేర నీళ్లు చేరినాయి. కాటాకు కండేదో నీళ్లేదో తెలీదు. నీళ్లు ఎక్కువైతే గుండె ఉబ్బి రక్తంలోకి ఒక పదార్థం వదుల్తుంది. ఈయనకు అది మూడింతలుంది."

"రోజుకు రెండు గ్లాసులే ఇస్తాండాను."

"తీర్థం?"

"తీర్థం నీళ్ల లెక్కలోకి వస్తుందా?"

"ఎంత ఇస్తారు?"

"పొద్దున ఒక పంచపాత్ర, సాయంత్రం ఒకటి. గురువారం ఇంకొకటి."

ఆదెప్ప లోపలికి వచ్చిన డాక్టర్ వెంకటరామయ్య వైపు తిరిగాడు.

"ఈ రోజు ఒక కిలో, శుక్రవారం ఒక కిలో ఎక్కువ తీద్దాం సార్. యాభైకి దించుదాం."

గోదావరిబాయి మంచానికి అడ్డంగా నిలబడింది.

"పోయినసారి అరకిలో ఎక్కువ తీస్తేనే పిక్కలు పట్టేసి కేకలు పెట్టినాడు మా ఆయన. సంపేస్తారా?"

"నొప్పులు ఉంటాయి. కొన్నాళ్లు ఓర్చుకుంటే తగ్గుతాయమ్మా."

"ఓర్చుకునేది నువ్వా? సూదులు గుచ్చేవానికి మంచం మీదుండే మనిషి నొప్పి ఏం తెలుస్తుంది?"

ఆదెప్ప చొక్కా చేతిని మణికట్టు దాకా దించుకున్నాడు.

"డాక్టరుగారూ, ఈయప్ప మా జోలికి రాకూడదు. రక్తమూ తీయకూడదు."

డాక్టర్ నుదురు రుద్దుకున్నాడు.

"ఈ పరీక్ష ఇంకా కొత్తది. ఇంట్లోవాళ్లు వద్దంటే నేను చేయలేను."

ఆ రోజు యాభై రెండు దగ్గరే ఆపారు. శుక్రవారమూ అంతే.

ఆ పై మంగళవారం బస్సు ఎమ్మిగనూరు దాటింది.

"కిటికీ తెరువు," అన్నాడు శ్రీపాదరావు.

కిటికీ తెరిచే ఉంది.

ఆదోని చేరేసరికి ఊపిరి లేదు.

ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండాయన్నారు. గోదావరిబాయి ఏడవలేదు. ఎవరేం అడిగినా తల ఊపింది.

నెల తర్వాత, చావు సర్టిఫికెట్ కోసం వచ్చింది. డాక్టర్ ఆ కాగితంతో పాటు ఇంకో కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఆఖరిసారి, మీరు వద్దనక ముందు శుక్రవారం తీసిన రక్తం రిపోర్టమ్మా. ఆదెప్ప చెప్పిందే నిజం."

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి.

"తీసుంటే బతికేవాడా?"

"చెప్పలేను. ఈ పరీక్ష మొదట చేసిన మనిషికి మూడు కిలోలు దించినాం. రెండు వారాలు నొప్పులతో మెలికలు తిరిగినాడు. రెండేళ్లయింది. తన పని తాను చేసుకుంటున్నాడు."

"ఆ సంగతి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. తెలిస్తే తన బతుకుతెరువు పోతుందని భయం."

"ఆ మనిషిని నేను చూడొచ్చునా?"

డాక్టర్ లేచి మిషన్ గది తలుపు తీశాడు.

మంచం మీద, చేతికి రెండు గొట్టాలతో, పిక్క పట్టేసిన కాలిని మెల్లగా చాపుకుంటూ, ఆదెప్ప పడుకుని ఉన్నాడు.