ఊపిరాడని బండి

“ఆ రోడ్డు పొడుగునా కంటైనర్ లారీలే. నా బిడ్డ యాడ నలిగిపోతాదో,” అంది గోవిందమ్మ. బండి ఇంకా గుమ్మం కూడా దిగలేదు.

“నీ నోట్లో మంచి మాటే రాదా?” ఆదిమూలం విసురుగా కిక్ కొట్టాడు.

పాత స్కూటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది. యాక్సిలరేటర్ తిప్పగానే దడదడలాడి, గుప్పున నల్లపొగ వదిలి ఆగిపోయింది. చూలైలో ఆ ఇరుకు సందంతా పొగ.

“చూస్తివా! నోరు పెట్టినావు, అయిపోయింది.” భార్య మీద విరుచుకుపడ్డాడు.

వాళ్ల కూతురు శ్రీప్రియ టైము చూసుకుంది. తొమ్మిదింటికి తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఉండాలి. సొంత బండి ఉంటేనే ఆ ఉద్యోగం. మొదటిరోజే బండి లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే చెప్పారు. చుడీదార్ చేతులు పైకి మడిచి ప్లగ్గు ఊడదీసింది. మసి పట్టి బొగ్గుముక్కలా ఉంది.

“పెట్రోల్ ఎక్కువ పోతా ఉండాది నాయినా. లేకుంటే గాలి చాల్లేదు.”

“గాలి కాదు, కార్బురేటర్ చూడు. ముప్పై ఏండ్లుగా తోలతా ఉండా, నాకు తెలీదా?”

ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది బిగించింది. కార్బురేటర్ స్క్రూ అటూ ఇటూ తిప్పింది. కిక్ కొట్టింది. మళ్లీ అదే దగ్గు, అదే పొగ.

“నిన్న సాయంత్రం దాకా బాగానే ఉండె గదా,” గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ట్రైన్లో పొమ్మని చెప్పండి. ఇంజిన్ పేలిపోతే?”

“ఇంజిన్ కాదు, నా తలకాయ పేలతాది! నిమ్మకాయ తొక్కించు, దిష్టి తియ్యి, సాంబ్రాణి వెయ్యి! దేవుణ్ణి నమ్మి ఎవడు బాగుపడినాడే? నీ భయాలకే ఈ బండికి ఊపిరాడలా!”

“చుమ్మా, ఊరికే ఉండండి ఇద్దరూ!” శ్రీప్రియ స్క్రూడ్రైవర్‌తో పక్కనున్న ఎయిర్ ఫిల్టర్ పెట్టె వైపు వంగింది.

“దాన్ని ముట్టుకోవద్దు! నిన్న నేనే సర్వీస్ చేసినా. అది సరిగానే ఉండాది!”

“సరిగా ఉంటే చూస్తే ఏం పోతాది?”

మూత ఊడింది. గాలి పీల్చే గొట్టం నోటికి అడ్డంగా ఒక పసుపుగుడ్డ మూట. ముడి విప్పితే లోపల రూపాయి బిళ్ల. ముడుపు.

శ్రీప్రియ దాన్ని తీసి పక్కన పెట్టింది. మూత పెట్టి, ప్లగ్గు మళ్లీ తుడిచి, కిక్ కొట్టింది. స్కూటర్ మెత్తగా అందుకుంది. పొగ లేదు. అప్పుడు లేచింది ఆమె గొంతు.

“అమ్మా! నా ఉద్యోగం పోయినా సరే, నీ ముడుపు మాత్రం ఉండాల! బండి చెడిపోతే ఇంట్లోనే పడి ఉంటాననుకున్నావా?”

“నేను కాదు తల్లీ, నీ మీద ఒట్టు. నా ముడుపు దేవుడి అరలో ఉండాది, పోయి చూసుకో. ఈ బండికి గాలి ఎట్లా పోతాదో నాకేం తెలుసు?”

శ్రీప్రియ విసవిసా లోపలికి వెళ్లింది. ఇంకో పసుపు మూటతో తిరిగొచ్చి ఇంజిన్ ఆపింది. ఒక చేతిలో అదీ, ఒక చేతిలో ఇదీ.

“మరి ఇది ఎవురిది?”

నీళ్ల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ సందు దాటిపోయింది. ఆదిమూలం శుభ్రంగానే ఉన్న స్క్రూడ్రైవర్‌ను తుడుస్తూనే ఉన్నాడు. గోవిందమ్మ కొంగు నోటి మీంచి జారింది.

ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

“అరలో పెడితే మీ అమ్మ చూసి నవ్వుతాదని...”