కళావతి గారి షాంపేన్

"ఈ అయిదు గ్లాసుల్లో మీది ఒకటి ఉంది. అదేదో వాసన చూసి చెప్పగలిగితేనే ఈ ఇంటి షాంపేన్ల పోటీలో ఉంటారు," అంది జడ్జి మార్గరెట్, బల్ల మీద గ్లాసులు సర్దుతూ.

భార్గవ్ గుండెల్లో రాయి పడింది. "ఈ రూల్ ఎప్పుడు పెట్టారు?"

"ఈ ఏడే. పోయినసారి ఎవరో కొట్టులో కొన్న సీసాకి సొంత లేబుల్ అంటించి తెచ్చారు. అలాంటివాళ్ల పేరు ఈసారి మైకులో చదువుతాం."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమే మిగిలింది భార్గవ్‌కి. ఈ ఏడు ఆ ఘనకార్యం చేసింది అతనే మరి. మొన్న తమ తోట ద్రాక్షతో ఇంట్లో చేసిన షాంపేన్ సీసా ఒకటి తెరిస్తే గుప్పున పులిసిన దోసెల పిండి వాసన కొట్టింది. అప్పటికే ఆఫీసులో సగం మందినీ, తాముండే క్రాన్‌బర్న్ ఊళ్లోని తెలుగువాళ్లలో ముప్పాతిక మందినీ ఈ ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌కి రమ్మని పిలిచేశాడు. పరువు పోతుందనుకున్నాడు. కొట్టుకెళ్లి మంచి రకం సీసాలు రెండు కొన్నాడు. ఒకటి తెరిస్తే నురగ చొక్కా మీదికి చిమ్మింది, తుడుచుకుని రుచి చూసుకున్నాడు. రెండోదాని లేబుల్ నానబెట్టి ఊడదీసి, తమ లేబుల్ అంటించి పోటీకి ఇచ్చేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"నేను చెప్తాను ఏదో," అంటూ ముందుకొచ్చాడు.

"మీరు కాదు. ఫారంలో తయారుచేసింది కళావతి అని ఉంది. ఆవిడే చెప్పాలి."

ఆ పేరు రాసింది అతనే. అబద్ధమేమీ కాదు. పెరటి వెనకున్న అరెకరం ద్రాక్షతోటకి నీళ్లు పెట్టేది భార్గవే గానీ, పెత్తనమంతా వాళ్లమ్మ కళావతి ముక్కుది. ఆవిడ చుక్క ముట్టదు. తెనాలిలో నలభై ఏళ్లు మహానైవేద్యం వండిన చెయ్యి. దేవుడికి పెట్టేది ముందు మనం రుచి చూస్తే ఎంగిలి కదా, అందుకని పులుసులో ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసనతోనే చెప్పేస్తుంది. ఏ పీపాలోది ఏ పీపాలో కలపాలో, సీసాలు ఎప్పుడు తెరవాలో కూడా అలాగే చెప్పింది. ఆ అయిదు గ్లాసుల్లో తనది లేదని ఆ ముక్కు ఇట్టే పసిగడుతుంది. పసిగడితే ఆ నోరు ఊరుకోదు. ఆ తరవాత మైకులో దొంగగా మోగేది కళావతి పేరే.

"మా అమ్మకి జలుబండీ," అన్నాడు మార్గరెట్‌తో ఇంగ్లీషులో.

కోల్డ్ అన్న మాట అర్థమైంది కళావతికి. "నాకు జలుబేంట్రా? నిక్షేపంలా ఉంటేనూ!" అంటూ కుర్చీలోంచి లేచింది.

"అత్తయ్య ముక్కుండగా మీకెందుకండీ టెన్షన్?" అంది అతని భార్య గీతిక, ఫోన్లో వీడియో తీస్తూ. "కాలుగాలిన పిల్లిలా తిరక్కుండా ఇలా వచ్చి నించోండి."

"కళా, మీ ఇంటి నుంచి వచ్చింది వీటిల్లో ఏది?" అని అడిగింది మార్గరెట్. గీతిక తెలుగులో చెప్పింది.

కళావతి కొంగు దోపుకుని మొదటి గ్లాసు ఎత్తింది. వాసన చూసి పక్కన పెట్టింది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర ఆగింది. మళ్లీ చూసింది. తలెత్తి కొడుకు వంక ఒక్కసారి చూసింది. భార్గవ్ టెంటు గుంజ వైపు చూపు తిప్పుకున్నాడు. నాలుగు, అయిదు కూడా అయ్యాయి. ఆవిడ మళ్లీ మొదటికొచ్చింది. తెలుగువాళ్లంతా బల్ల చుట్టూ కట్టిన తాడు దగ్గరికి తోసుకొచ్చారు.

ఇంక లాభం లేదు, తప్పు తనదేనని ఒప్పేసుకుందామనుకున్నాడు. "అమ్మా, నేను..."

"ప్లీజ్! ఎవరూ మాట్లాడకూడదు," అంది మార్గరెట్.

"త్రీ," అంది కళావతి, మూడు వేళ్లు చూపిస్తూ.

మార్గరెట్ గ్లాసు కిందున్న చీటీ తిరగేసింది. "కరెక్ట్!"

చప్పట్లు మోగాయి. భార్గవ్‌కి ప్రాణం లేచొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ ముక్కు తప్పడం ఇదే మొదటిసారి, అదీ తనకి పనికొచ్చేలా తప్పిందనుకుని ముక్కోటి దేవుళ్లకీ దణ్ణం పెట్టుకున్నాడు.

గంట తరవాత ఫలితాలు చెప్పారు. వాళ్లకి నాలుగో స్థానం. "బాగుంది గానీ మరీ కొట్టులో దొరికే రకంలా ఉంది," అంది మార్గరెట్ సానుభూతిగా. "ఇంట్లో చేసినదానికి పులిసిన పిండి వాసన రావాలి. మేం వెతికేదే అది. అదుంటే మొదటి బహుమతి మీదే."

తప్పు చేసి మరీ ఓడిపోయినందుకు భార్గవ్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది. గీతిక ప్లేట్లు సర్దుతుంటే, అమ్మని తీసుకుని కారు దగ్గరికి నడిచాడు.

"ఎలా చెప్పావమ్మా మూడోదని?" అన్నాడు, ఉండబట్టలేక.

కళావతి సీటు బెల్టు పెట్టుకుంటూ, కొడుకు మొహం చూడకుండానే అంది: "మనది ఆ అయిదింట్లోనూ లేదురా, మూడోది మాత్రం పొద్దున నేను ఉతుక్కి వేసిన నీ చొక్కా వాసన కొట్టింది."