కోతి ఎత్తుకుపోయిన మాస్కు

మరిగించి దండెం మీద ఆరేసిన మాస్కును కోతి ఎత్తుకుపోయిన రోజు నుంచి బిచ్యా ఇంట్లో పొద్దున్నే గొడవ.

మాస్కయితే ముఖానికి తగిలించుకుని కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు మిగిలింది నోట్లో పెట్టుకునే గొట్టం. పెదాలు బిగించి, మిషన్‌లోంచి వచ్చే ఉప్పునీటి ఆవిరిని నెమ్మదిగా పీల్చాలి. డాక్టరు రాసిచ్చిన సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పేరు తండాలో ఎవరికీ నోరు తిరగదు. పూట తప్పితే మాత్రం ఏమవుతుందో అందరికీ తెలుసు. ఛాతీలో కఫం జిగురులా పట్టేస్తుంది. పోయినసారి అలా తప్పినందుకే ఖమ్మం దవాఖానాలో పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది.

ఏడింటికి బిచ్యా మంచం మీద కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకు ఇల్లందు బస్సు. గనిలో డ్యూటీ.

ఎదురుగా ఎనిమిదేళ్ళ కూతురు కళ్యాణి నిలబడింది. మెడలో డాక్టరమ్మలా ఫోన్ చార్జర్ వైరు.

"నోరు తెరువు బాపూ."

"గొట్టం చూస్తేనే కడుపుల తిప్పుతుందే."

"నకరాలు చెయ్యకు. చిన్నపిల్లగానివా?"

మిషన్ బుయ్‌మంది. బిచ్యా కళ్ళు తేలేసి పీల్చాడు. కళ్యాణి అతని వీపు మీద దబదబా బాదింది.

"కఫం కదలాలె. ఊకో."

అతని ముఖం చూసి నవ్వీ నవ్వీ ఆమెకే దగ్గొచ్చింది.

"ఇగ నువ్వు రా నాయనమ్మా."

"నాకేం రోగమే?" అంది పూలి.

"చూస్తే గదా తెలిసేది."

బిచ్యా భార్య మోతీ కూతురి ముఖం వంక చూసి, గొట్టాన్ని మళ్ళీ మరిగించి తెచ్చింది. పూలి దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గుప్పుగుప్పున లాగింది.

"చుట్టల ఉన్న మజా దీంట్ల లేదు."

పక్కింటి బద్యా గుమ్మంలోకి వచ్చాడు. "బిచ్యా, జల్దీ రా. బస్సొస్తుంది."

"కాకా, కూసో," అంది కళ్యాణి.

"నిన్ననే పీల్చిన గదమ్మా."

"నిన్నటిది నిన్ననే అయిపాయె."

బద్యా బిచ్యా వైపు చూశాడు. బిచ్యా చేతులు జోడించాడు. బద్యా టిఫిన్ డబ్బా కింద పెట్టి కూర్చున్నాడు. మోతీ మళ్ళీ పొయ్యి వెలిగించింది.

బద్యా ఒక్క లాగుకే పొలమారి, మంచం కోడు పట్టుకున్నాడు. కళ్యాణి అతని వీపు కూడా వదల్లేదు.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఆగింది. వెళ్ళిపోయింది. ఇద్దరు మగవాళ్ళూ కదల్లేదు.

మోతీ గొట్టాన్ని నాలుగోసారి మరిగించింది. మిషన్‌లో పోయాల్సిన ఉప్పునీటి మందు సీసా మూత తియ్యకుండా ఆమె కొంగు ముడిలోనే ఉంది.

అసలు జబ్బున్న కళ్యాణి ఒక్కతే ఇంకా గొట్టం నోట పెట్టలేదు.