చీకటి బాయిలో పచ్చకళ్లు

“పోవద్దంటే పోవద్దు!” హరిలాల్ చెంబును గచ్చు మీద ఠంగుమని పెట్టాడు.

ఇంట్లో ఎప్పుడూ లంబాడీ మాట్లాడే మనిషి. కోపం వస్తేనే తెలుగులోకి దిగుతాడు. అది తెలిసిన కూతురు కవిత తానూ తెలుగులోకే దిగింది.

“ఎందుకు పోవద్దు బాపూ?”

“సముద్రమే అది! మునిగితే పీనుగ గూడ దొరకది.”

“నువ్వు బొగ్గుబాయి దిగలేదా? అవ్వ ఎన్నడన్న వద్దన్నదా?”

హరిలాల్‌ భూపాలపల్లి గనిలో చేసినన్నాళ్లూ భార్య గడపలో నిలబడి, నోరెత్తకుండా సద్దిడబ్బా అందించేది. ఆమె పోయాక మెడలో తులసిమాల వేసుకున్నాడు. అప్పటినుంచి నీసు ముట్టడు. వాసన కూడా పడదు. కూతురేమో చేపల చదువు చదివింది. పరిశోధన ఓడ ఎక్కుతానంటూ ఈ ఉదయమే మహబూబాబాద్‌లో రైలు దిగింది. తండ్రి సరే అంటేనే వెళ్తుంది. ఆ మాట ఆమె అనలేదు, అతనికి తెలుసు.

స్టేషన్ మెట్లు ఈసారి కర్ర లేకుండా ఎక్కి ఆమె బ్యాగు అందుకున్నప్పుడు ఎంత సంబరపడ్డాడో, ఇప్పుడంత మండిపోతున్నాడు.

“మన చెరువుల లేవా చేపలు? గంత దూరం పోవాల్నా?”

“గీ షార్కు చెరువుల దొరకది బాపూ. ఎండపొడ సోకని లోతుల ఉంటది. పచ్చటి కండ్లు, ఇంతింత. కడుపైతే రెండేండ్లు మోస్తది. ఈనేది ఒకటో రెండో.”

“రెండేండ్లా? బర్రె నయం గదనే!”

“గసువంటిదాన్ని వలేసి గుంజుతున్నరు. కూర కోసం గాదు, కాలేయంల నూనె కోసం. రేవుల నా కండ్లతోని చూసిన. కోసిన పొట్టల పిల్ల ఉండె బాపూ. కండ్లు తెరుచుకొనే ఉన్నది.”

ఆమె గచ్చు మీద పిడికిలి గుద్దింది. ఏడుపుతో కాదు, కోపంతో.

హరిలాల్‌కు ఒకసారి బాయిలో టోపీ లైటు ఆరిపోయి, గోడ పట్టుకుని నిలబడిపోయిన చీకటి గుర్తొచ్చింది. ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అడగకుండా వెలుతురు దాకా నడిపించారు. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

ఆ చేపకు అలాంటి చెయ్యి ఒక్కటైనా ఉండొద్దా?

“ఎవడు కొంటుండు గా నూనె?” అన్నాడు. ఈసారి కోపం కూతురి మీద కాదు.

“మస్తు మంది. మొఖానికి రాసుకునేటోళ్లు, మందని మింగేటోళ్లు. అదేందో వాళ్లకే ఎరుక లేదు.”

“ఎరుక లేకుంటే పాపం తప్పుతదా?” హరిలాల్ లేచి నిలబడ్డాడు. “పో బిడ్డా, ఓడెక్కు! గా నూనె మింగెటోడు ఒక్కడు దొరికినా సరే, జుట్టు పట్టి నా ముందర నిలబెట్టు. కడుపుతోటి ఉన్నదాని ఉసురు తాకి, వాని నోట్ల మన్ను పడ!”

పొద్దుటినుంచి మొదటిసారి కవిత నవ్వింది. చెంబు నిండా నీళ్లు తెచ్చింది.

అరిచి అరిచి అలిసిపోయిన హరిలాల్ గూట్లోకి చెయ్యి చాపాడు. గొడవలో మరిచిపోయిన మోకాళ్ల గోలీ తీసి నాలుక మీద వేసుకున్నాడు. తేనెరంగు గోలీ.

“ఏం గోలీ బాపూ అది?”

అతను గుటుక్కున మింగి, మెడలో మాల సవరించుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“నీసు గాదు తియ్యే, నా చేతి కర్రను ఇడిపించిన సొరకాయ గింజల గోలీ, తొర్రూరు అంగట్ల మైకుల ‘సొర నూనె, సొర నూనె’ అని మొత్తుకుంటుంటే కొన్న!”