ఎండలో నిలబెట్టిన ఇంజిన్

షెడ్డు బయట మండుటెండలో నిలబెట్టిన రైలింజిన్ క్యాబ్‌లోంచి ఇంజనీరు తలుపు బాదుతున్నాడు.

"తీయవయ్యా! ఊపిరాడట్లేదు! చచ్చిపోతాను!"

రెండు తలుపులకూ బయట తాళాలు. కిటికీలకు ఇనుప జాలీలు. తాళంచెవులు బయట నిలబడ్డ పెద్ద డ్రైవర్ జేబులో ఉన్నాయి. చేతిలో ఇనుప రాడ్డు ఉంది.

పనివాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. సంగతేమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. కిందటి వేసవిలో పెద్ద డ్రైవర్ తమ్ముడు ఇదే ఇంజిన్ నడుపుతూ సీట్లోనే వడదెబ్బకు ఒరిగిపోయాడు. బండిని స్టేషన్‌లో ఆపి మరీ పోయాడు. క్యాబ్‌కు ఏసీ పెట్టించండి మహాప్రభో అని డ్రైవర్లు అంతకుముందే ఎంతో మొత్తుకున్నారు. ఇంజనీరు ఆఫీసు నుంచి వచ్చింది ఒక బుల్లి ఫ్యాను.

"అన్నా, పోయినోడు ఎలాగూ తిరిగిరాడు. తాళం ఇలా ఇచ్చెయ్," అన్నాడు ఫిట్టర్.

"దగ్గరికి రాకు."

ఫిట్టర్ అతని జేబు మీద చెయ్యి వేశాడు. రాడ్డు లేచింది. మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వెల్డర్ వెనక నుంచి మెడ పట్టుకున్నాడు. ఒక్క మోచేతి పోటుతో అతని ముక్కు చితికింది. ఎవరో విసిరిన నట్టు పెద్ద డ్రైవర్ కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా అతను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. కాగిన రేకు చొక్కాలోంచి వీపును కాలుస్తోంది.

లోపల పిడికిళ్ల దెబ్బలకు అద్దం పగిలింది. జాలీ కన్నాల్లోంచి రక్తం బొట్లుబొట్లుగా రాలింది.

"నీ కాళ్లు పట్టుకుంటానయ్యా! పిల్లలు గలవాణ్ణి!"

పెద్ద డ్రైవర్ పళ్లు బిగించాడు. "ఇంకా టైం కాలేదు," అన్నాడు.

"అసలు మనిషివేనా నువ్వు?" కింద పడ్డ ఫిట్టర్ ఏడుస్తూ అరిచాడు.

ఉన్నట్టుండి లోపల చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని పెద్ద డ్రైవర్ తట్టుకోలేకపోయాడు. తమ్ముడి ముఖం కళ్లముందు మెదిలింది. రాడ్డు పారేసి తాళం తీశాడు. ఇంజనీరు మూటలా వచ్చి అతని మీద పడ్డాడు. పెదాలు నల్లబడిపోయాయి. ఎవరో బకెట్ నీళ్లు తెచ్చి నెత్తిన కుమ్మరించారు.

ఇంజనీరు కళ్లు తెరిచాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఒంట్లో మిగిలిన సత్తువంతా కూడదీసుకుని పెద్ద డ్రైవర్ చెంప ఛెళ్లుమనిపించాడు.

"నేనెంత ఏడ్చి మొత్తుకున్నా డ్యూటీ టైం పూర్తయ్యేదాకా తీయొద్దని పొద్దున తాళం నీ చేతిలో పెట్టి మరీ చెబితే మధ్యలో తీసేస్తావా, ఏసీ అక్కర్లేదని నా మాట కొట్టిపారేసిన పెద్దాఫీసు వాళ్లకి ఇప్పుడేం చూపించమంటావయ్యా?"